ఒకటో నంబరు కంప్యూటర్

నాయనా,

ఈ ఉదయం మన నెట్ సెంటర్ తెరిచేసరికి బ్రౌజర్ దానంతటదే రూపం మార్చుకుని ఉంది. పైన వరుసగా ఉండే ట్యాబులు ఎడమ పక్కకు చేరి నిలువుగా నిలబడ్డాయి. హిస్టరీ చెరిపే బటన్ కనిపించలేదు.

మొదట వచ్చింది టైలర్ మస్తాన్ మామ, కూతురి హాల్‌టికెట్ కోసం.

"ఏందమ్మాయ్, నిన్న ఈడుండింది ఈరోజు ఏడబోయింది? మీ నాయనుంటే ఆ కంపెనీవోళ్ళకు ఫోన్ చేసి తిట్టుండేవాడు," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. నిజంగానే చేసేవాడివి. ఎవరూ ఎత్తకపోయినా అరగంట పట్టుకుని ఉండేవాడివి.

ఆయన లేచి వెళ్ళాక ఆ బటన్ కోసం చాలాసేపు వెతికాను. ఎవరు లేచినా వాళ్ళు చూసినవన్నీ వెంటనే చెరిపేయడం నీ నియమం కదా. "ఊరోళ్ళ గుట్టు మనకెందుకమ్మా," అనేవాడివి. చివరికి మూడు మెనూల లోపల దొరికింది.

నువ్వు కూర్చునే ఒకటో నంబరు కంప్యూటర్ మాత్రం కొత్త బ్రౌజర్‌ను మోయలేక మొరాయించింది. పాత హిస్టరీ చెరిపితే వేగం పెరుగుతుందని తెర మీద చూపించింది. అందులో ఉన్నవన్నీ నువ్వు చూసినవే; వచ్చినవాళ్ళవే గానీ నీవి నువ్వు చెరిపేవాడివి కాదు. నువ్వు పోయాక దాన్ని ఎవరికీ ఇవ్వలేదు, నేనూ చెరపలేదు. అక్కడ ఒక్కడివే కూర్చుని ఏం చదివేవాడివో తెలుసుకోవాలని నాకు ఎప్పుడూ ఉండేది. అడగడానికే మొహమాటపడ్డాను.

మధ్యాహ్నం దాకా ఆగి, చెరపమని నొక్కాను. అంతకుముందు ఒక్క పేజీ కూడా తెరిచి చూడలేదు.