ఎంబడి వచ్చేవాడు

రావల్కోల్,
2003 జులై

పిల్లల బాగోగులు చూసే ఆఫీసులోని పెద్దసారుకు, రావల్కోల్ నుంచి బాలనర్సమ్మ రెండు చేతులూ జోడించి రాస్తున్న ఉత్తరం.

సారూ, మీరు అక్కడ చల్లగా ఉన్నారని తలుస్తాను. నేను ఇక్కడ బాగా లేను. రాత్రి బడిలో నేర్చుకున్న నాలుగు అక్షరాలతో రాస్తున్నాను, ఒత్తులు తప్పితే మీరే పెట్టుకోండి.

నా కొడుకు కూతురు మీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతున్నది. పిల్ల పేరు రాయను. ఆడపిల్ల పేరు ఒకసారి కాగితం మీదికి ఎక్కితే మళ్ళీ దిగదు. హాస్టలు గదిలో అందరి ముచ్చట్ల నడుమ చదువు సాగదని చీకటి పడ్డా లైబ్రరీలోనే కూర్చుంటుంది. మీ ఆవరణ నిండా బండలు, పొదలు. బండ ఉన్న చోట పాము ఉంటుంది, పొద ఉన్న చోట మనిషి ఉంటాడు. పాముకైతే మందుంది.

మొన్న ఆదివారం ఇంటికి వస్తే అడిగాను: "చీకట్ల హాస్టల్‌కు ఎట్ల వోతవే?"

"నాకేం భయం అవ్వా. ఒకాయన రోజు నా ఎంబడి వస్తడు."

"ఎంబడి వస్తడా! ఏమంటడే?"

"ఏమనడు. ఎన్కనే వస్తడు. నేను గేటు లోపటికి వొయ్యేదాక నిలవడి చూస్తడు."

సారూ, ఇంకో మాట అడుగుదామంటే గడప అవతల మంచం మీద నా కొడుకు బాలేష్ ఉన్నాడు. పిల్లను హాస్టలుకు పంపిన రోజే వాడు అన్నాడు: "ఒక్క మాట నా చెవిన పడ్డా పెట్టె ఇంటికి తెస్త. సదువు బందు." ఆ పిల్లను చదివించమని వాడితో కొట్లాడింది నేనే. అందుకే నోరు మూసుకుని మీకు రాస్తున్నాను. వాడికి తెలియనివ్వొద్దు. పిల్లను పిలిచి అడగనూ వద్దు, అవ్వ రాసిందని తెలిస్తే నా ముఖం చూడదు. ఆ మనిషి సంగతి మాత్రం జల్దీ చూడండి. వాడికి మీసాలుంటాయి. పిల్ల చెప్పలేదు, నాకు తెలుసు.

మా యమున తప్పు ఇసుమంతైనా లేదని నమ్మండి.

ఇట్లు, కంటికి కునుకు లేని
బాలనర్సమ్మ

తా.క.: పైన పేరు పడిపోయింది. కొట్టేస్తే కాగితం చినిగేటట్టుంది. ఆ ఒక్క మాట చదవకుండా దాటిపోండి.

*

విద్యార్థి సహాయ కేంద్రం

శ్రీమతి బాలనర్సమ్మ గారికి నమస్కారములు.

తమ లేఖ అందినది. తాము కోరినట్లు ఒక మాట చదవకుండా దాటిపోయితిమి. సదరు మాట గోప్యముగా ఉంచబడును.

గ్రంథాలయము నుండి బాలికల వసతిగృహము వరకు గల దారిలో రక్షణ ఏర్పాట్లు పటిష్ఠము చేయబడినవి. మీసములు గల వారిపై ప్రత్యేక నిఘా ఉంచబడినది. అయితే ఆవరణలో అట్టివారు, మా పై అధికారులు సహా, అధిక సంఖ్యలో ఉన్నందున కొంత జాప్యము కావచ్చును. విద్యార్థిని తనంతట తాను రానిదే ఆమెను పిలిచి విచారించు ఆచారము మా కేంద్రమునకు లేదు. కావున నిశ్చింతగా ఉండగలరు.

భవదీయురాలు
కామేశ్వరి, విద్యార్థి సంక్షేమాధికారి

తా.క.: నేను సారును కాను.

*

రావల్కోల్

కామేశ్వరి మేడమ్మకు, ఆడమనిషిని పట్టుకుని సారూ అన్నందుకు చెంపలు వేసుకుని బాలనర్సమ్మ రాస్తున్నది.

తల్లీ, ఆ కుర్చీలో ఆడమనిషి ఉన్నదని తెలిసి కడుపునిండా తిన్నాను. ఆ తిన్నది అరగకముందే యమున వచ్చింది. (పేరు ముందే పడింది కదా, ఇక దాచి లాభమేముంది.) తల దువ్వుతూ చెవిలో అడిగాను: "వాడు ఇంక వస్తుండా?"

"ఇప్పుడు ఇద్దరొస్తున్నరు అవ్వా! ఒకాయన ముంగట, ఒకాయన ఎన్క. పెండ్లిపిల్లను తీస్కపోయినట్టు తీస్కపోతరు" అని పకపకా నవ్వింది.

ఒకడిని ఆపమంటే ఇద్దరయ్యారు. మీరు పటిష్ఠం చేసిన కాపలా ఎక్కడ నిద్రపోతున్నది? పిల్ల నవ్వుతున్నదమ్మా, నాకు అదే పరేషాన్. ఏడిస్తే ధైర్యం చెబుదును. నవ్వే పిల్లకు ఏం చెప్పను?

బాలేష్ మంచం మీద ఇటు తిరిగి "ఏంది గుసగుసలు?" అన్నాడు. "పేన్లు చూస్తున్న రా" అన్నాను. వాడు అటు తిరిగి పడుకున్నాడు. ఇంకెన్నాళ్ళు దాచగలనో తెలియదు. వాడి చెవిన పడిందా, పిల్ల చదువు అక్కడికి ఆగిపోతుంది.

ఇట్లు, మీ మీదనే భారం వేసిన
బాలనర్సమ్మ

తా.క.: పేన్లు నిజంగానే ఉన్నాయి. హాస్టలు వాళ్ళకు చెప్పండి.

*

విద్యార్థి సహాయ కేంద్రం

శ్రీమతి బాలనర్సమ్మ గారికి నమస్కారములు.

తమ రెండవ లేఖ చదివి మిక్కిలి ఆందోళన చెందితిమి. ఆగంతకులు ఇద్దరైనందున, నేటి నుండి సదరు దారిలో జీపు గస్తీ సైతము ఏర్పాటు చేయబడినది. ఇకపై తమకు ఎట్టి చింతయు ఉండబోదు.

యమున గారు కోరినచో మా కేంద్రమునందు కౌన్సెలింగు సౌకర్యము కలదు. తమ లేఖలను బట్టి చూడగా తమకు సైతము ఇప్పించవలెనని తోచుచున్నది.

భవదీయురాలు
కామేశ్వరి

తా.క.: పేనుల విషయము వార్డెను గారి దృష్టికి తేబడినది. వారు తల గోక్కొనుచు చదివినారు.

*

రావల్కోల్

కామేశ్వరి మేడమ్మకు, మీ మీద ఆశ వదులుకుని బాలనర్సమ్మ రాస్తున్నది.

కౌన్సెలింగు మాకు వద్దు తల్లీ. పక్కింటి సుశీల కొడుక్కి ఇంజనీరింగు కౌన్సెలింగు చేసి ఎక్కడో సముద్రం పక్కన సీటు ఇచ్చారు. ఈ వయసులో నన్ను ఎక్కడ పడేస్తారో.

మొన్న యమున ఏమన్నదో వినండి: "ఇప్పుడు జీపు గూడ వస్తాంది అవ్వా. మెల్లగ, లైట్లు ఏసుకొని. మస్తుగుంటది." మీరు గస్తీ పెట్టానన్నారు. వాళ్ళు జీపే తెచ్చుకున్నారు.

గుండె దిటవు చేసుకుని మాట మార్చాను. "పోయినసారి కట్టిచ్చిన మురుకులు మంచిగున్నయా?" అని అడిగాను.

"గండయ్యకు ఇచ్చిన. రోజు నా ఎంబడి వస్తడు గద, పాపం."

వాడికొక పేరుంది. వాడు నా మురుకులు తిన్నాడు.

ఇక మీతో కాదని మీ అందరికంటే పెద్దసారుకు కార్డు వేశాను. గండయ్య అనేవాడు ఆడపిల్లల వెంట పడుతున్నాడు, వెంటనే తీసేయండి అని రాశాను. మేడ్చల్ పోస్టాఫీసులో చదివినాయన "అవ్వా, మస్తు గట్టిగ రాసినవ్" అన్నాడు. కవరులో పెట్టి రాస్తే ఒక్కరే చదువుతారు. నలుగురూ చదవాలనే కార్డు మీద రాశాను.

ఇట్లు, తన దారి తాను చూసుకున్న
బాలనర్సమ్మ

తా.క.: ఆ మురుకుల్లో వాము ఎక్కువ వేశాను. వాడికి ఆకలి ఇంకా పెరిగి ఉంటుంది.

*

విద్యార్థి సహాయ కేంద్రం

బాలనర్సమ్మ గారూ,

ఈ ఉత్తరం ఆఫీసు భాషలో రాయడం నా వల్ల కావడం లేదు.

గండయ్య మా మనిషి. చీకటి పడ్డాక లైబ్రరీ నుంచి వచ్చే ఆడపిల్లలకు తోడుగా హాస్టలు దాకా నడవడమే ఆయన ఉద్యోగం. ముందు నడిచే రెండో మనిషిని మీ మొదటి ఉత్తరం చూసి నేనే పెట్టాను. జీపు పంపింది మీ రెండో ఉత్తరానికి. మీరు రాసిన కొద్దీ నేను మనుషులను పెంచాను, నేను పెంచిన కొద్దీ మీరు రాశారు.

మీ కార్డు నా దాకా రాలేదు. పైనుంచి నేరుగా సెక్యూరిటీ కాంట్రాక్టరుకు వెళ్ళింది. అతను గండయ్యను పిలిచి "ఆడపిల్లల వెంట పోతావా?" అని అడిగాడట. "రోజూ పోతనయ్యా" అన్నాడట గండయ్య. ఆ పూటే తీసేశారు. గొడవ తేలేదాకా అసలు తోడు పంపడమే ఆపేశారు. ఆడపిల్లలందరూ పొద్దుగూకేలోపు హాస్టల్లో ఉండాలని నోటీసు అంటించారు. యమునకు ఇప్పుడు సాయంత్రం లైబ్రరీ లేదు.

నా తప్పూ ఉంది. పేరు తెలిసి కూడా ఆ పిల్లను పిలిచి ఒక్క మాట అడగలేదు. నియమం పాటిస్తున్నానని గర్వపడ్డాను.

కామేశ్వరి

తా.క.: గండయ్య దూలపల్లిలో ఏదో కంపెనీ గేటు దగ్గర కుదిరాడని విన్నాను. ఆయనకు మీసాలు లేవు.

*

రావల్కోల్,
2003 సెప్టెంబరు

కామేశ్వరమ్మకు, మిమ్మల్ని ఏమనీ పిలిచే హక్కు లేని బాలనర్సమ్మ రాస్తున్నది.

మీ ఉత్తరం చదివి దూలపల్లి వెళ్ళాను. కంపెనీ కంపెనీకీ గేటుంది, గేటు గేటుకూ ఒక ముసలాయన ఉన్నాడు. అడగగా అడగగా దొరికాడు. బక్క మనిషి. నా అంత వయసుంటుంది.

"యమున అవ్వను" అన్నాను. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"యమునమ్మ మంచిగున్నదా? ఆ మురుకులు నువ్వు చేసినయేనా అమ్మా? మస్తు గట్టిగుండె. నాకేమో పండ్లు లేవు, ఇంటికి తీస్కపోతే మా ముసల్ది దంచి ఇచ్చింది."

"కార్డు రాసింది నేనే" అన్నాను. లారీ వస్తే గేటు తీసి, మళ్ళీ మూసి వచ్చాడు.

"ఇయ్యాల ఇంత దూరం వచ్చినవు గద. గప్పుడే ఒక పూట శామీర్‌పేట బస్సెక్కి యూనివర్సిటీకి వచ్చి నన్ను జూస్తే అయిపోతుండె" అన్నాడు. "నౌకరి పోతే పాయె, ఇంకోటి దొరికింది. ఆడపిల్లల ఎంబడి పడ్డడని తీసేసిరి అమ్మా. మా ఊర్ల నా కోడలు ముంగట మొఖం ఎత్తలేకపోతున్న."

మళ్ళీ రమ్మంటే రానన్నాడు. "ఇగ నేను ఏ పిల్ల ఎన్క నడువ. ఎవలేమనుకుంటరో అని కాళ్ళు ముడుసుకుంటయి." ఆ తర్వాత అన్నాడు: "అసలు నన్ను ఆ పనికి పెట్టిచ్చిందే మీ రావల్కోల్ మనిషి. పోయినేడు బాలేష్ అనెటాయన వచ్చి ఆఫీసుల సారును బతిమిలాడిండు."

"వాడు నా కొడుకు."

గండయ్య నవ్వాడమ్మా. ఆ నవ్వు చూడలేకపోయాను. "కొడుకు పెట్టిచ్చిండు, తల్లి తీయించింది. నడుమ నేనేం జేసిన్నమ్మా?"

ఇంటికొచ్చి బాలేష్‌కు అన్నం పెడుతూ అడిగాను. వాడు తలెత్తకుండా చెప్పాడు: "ఔ. పొల్ల హాస్టల్‌కు పోయినకాన్నుంచి నువ్వు నిద్రపోతలేవు. మా అమ్మకు భయం ఎక్కువ, పిల్లల ఎంబడి ఒక పెద్దమనిషిని తోలుండ్రి అని అడిగొచ్చిన."

"మరి నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్తే ఆ మనిషి ఎసొంటోడో అని ఇంకో భయం పట్టుకుంటవని."

"ఒక్క మాట చెవిన పడ్డా సదువు బందంటివి గద" అన్నాను. "అది పొల్ల జాగ్రత్తగ ఉండాలని అన్న మాట. నువ్వు పట్టుకొని కూసుంటవనుకోలే. సదువు ఎందుకు బందు పెడుత?" అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండు. ఏ మనిషికి తెలియకూడదని ఇన్ని ఉత్తరాలు రాశానో, ఆ మనిషికి ముందే అంతా తెలుసు. ఒక్క మాట వాడి చెవిన వేసి ఉంటే గండయ్య ఈపాటికి మీ దగ్గరే ఉండేవాడు.

మొన్న బాలేష్‌ను వెంటబెట్టుకుని గండయ్య ఊరు శామీర్‌పేట వెళ్ళి, ఆయన వాకిట్లో నిలబడి, తప్పు నాదని నలుగురికీ చెప్పాను. విన్నవాళ్ళలో సగం మందికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదట. వాళ్ళకూ నేనే తెలియజేశాను. గండయ్య కోడలు నీళ్ళిచ్చింది. ముసలామె బయటికి రాలేదు.

యమునకు కార్డు ఎవరు రాశారో మొదట తెలియదు. ఇంటికొచ్చి ఏడ్చింది. "ఎవలో కండ్లమంట ముండ రాసిందట అవ్వా, దాని చేతులు పడిపోను." "పడిపోను" అని నేనూ అన్నాను. శామీర్‌పేట వెళ్ళొచ్చాక నిజం చెప్పేశాను. నేను దువ్వెన పట్టుకుని కూర్చుంటే, తన జడ తానే వేసుకుని బస్సుకు వెళ్ళిపోయింది. ఈ ఆదివారం రాలేదు. పరీక్షలున్నాయని కబురు పంపింది. ఉంటాయి, ఎందుకుండవు.

ఆ నోటీసు తీయించండి తల్లీ. పిల్లలకు మళ్ళీ ఎవరినైనా తోడు పెట్టించండి. ఎవరు, ఎట్లాంటివాడు అని నేను అడగను.

యమున ఈమధ్య మీ గదికి వచ్చి కూర్చుంటున్నదని బాలేష్ అన్నాడు. నా గురించే చెప్పుకుంటుందని తెలుసు. చెప్పుకోనివ్వండి. ఎంతసేపైనా వినండి. ఏం చెప్పిందో మాత్రం నాకు రాయొద్దు.

ఇట్లు
బాలనర్సమ్మ

తా.క.: తింటున్నదో లేదో, ఆ ఒక్కటి రాయండి. అది నా గురించి కాదు కదా.