విప్పకూడని చీట్లు

మే 4, ఆదివారం. మధ్యాహ్నం 3

రిటైరై నాలుగు రోజులు. ఇవాళ పొద్దున ఎలా గడిచిందో రాసిపెట్టుకోవాలి. ప్రత్యేకం ఏమీ కాదు, రోజూ ఉండే పొద్దే.

నాలుగున్నరకు లేచాను. నాంపల్లి స్టేషన్ మైకు ఏదో బండి లేటని మూడు భాషల్లో చెప్తోంది. గడప కడిగి ముగ్గేశాను. రెండో అంతస్తు గుమ్మానికి ముగ్గేందమ్మా అని కింద కిరాయికున్నవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. స్నానం చేసి, లక్ష్మీనరసింహస్వామి పటం ముందున్న నిన్నటి పూలు తీసి, కొక్కేనికి వేలాడే గుడ్డసంచిలో వేశాను. దేవుడి దగ్గర పెట్టినదేదీ చెత్తబుట్టలో పడకూడదు. అమ్మ చెప్పిన మాట. అమావాస్యకు ఆ సంచి దింపి, డాబా మీది కుండీల మట్టిలో కలుపుతాను.

దీపం పెట్టాను. తమ్ముడు రత్నాకర్‌కు చక్కెర లేని చాయ్. మరదలు నవతకు అల్లం చాయ్. వాళ్ళ కూతురు ప్రణవికి పాలు. రత్నాకర్ సాసర్‌లో బీపీ మాత్ర పెట్టాను. లేకపోతే మరిచిపోతాడు. పప్పుకు పోపు వేస్తున్నాను.

అప్పుడు రత్నాకర్ అడిగాడు. అక్కా, ఇన్నేండ్లు అందరికి జేసినవ్, జర నీకోసం గూడ బతుకు, మూడు నెల్లు ఫారిన్‌ల ఉండి రా, ఏడికి పోతవో చెప్పు, అన్నాడు.

నన్ను ఇలా ఎవరూ అడగలేదు. యాభై ఎనిమిదేళ్ళు. పోపు మాడింది.

బెర్గెన్, అన్నాను.

బర్గరా, అన్నాడు. నవత పడీ పడీ నవ్వింది. నేను కూడా నవ్వాను.


మే 4. సాయంత్రం 6

అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల వాళ్ళ దగ్గరకు వెళ్ళొచ్చాను. బెర్గెన్ ఉన్న నార్వే దేశం గైడ్ దొరికింది. అట్ట లేదు. అమ్మా గీ ఊరికి ఎవరు పోతరు, రెండేండ్ల సంది నా దగ్గర్నే పడుంది, అన్నాడు అమ్మేవాడు.

నేను పోతాను, అన్నాను. పైకే అన్నాను.


మే 6, మంగళవారం

అబిడ్స్‌లో ఆడపిల్లల స్కూల్లో ముప్పై రెండేళ్ళు జాగ్రఫీ చెప్పాను. నాగ్‌పూర్ దాటలేదు. ప్రతి ఏడాదీ బోర్డు మీద ఫియర్డ్ బొమ్మ వేసేదాన్ని. రెండు కొండలు, మధ్యలోకి చొచ్చుకొచ్చిన సముద్రం. నీలం సుద్దముక్క. ఒకసారి భవ్య అని తొమ్మిదో క్లాసు పిల్ల లేచి, మిస్, మీరు చూసిన్రా, అని అడిగింది. కూర్చో, అన్నాను.

ఆ పిల్లను కూర్చోబెట్టినందుకు ఇప్పటికీ సిగ్గు.

బెర్గెన్‌లో ఏడాదికి రెండు వందల రోజులకు పైగా వాన పడుతుందట. కిటికీ ఉన్న ఒక గది చాలు. పొద్దున జపం. తర్వాత వాన చూడటం. ఎవరి మాత్రా సాసర్‌లో పెట్టకుండా.

ఆరేళ్ళ కింద ఖాట్మండు యాత్రకని తీసుకున్న పాస్‌పోర్టు ఉంది. కరోనాలో యాత్ర పోయింది. పాస్‌పోర్టు ఖాళీగా ఉండిపోయింది. నా రిటైర్మెంట్ డబ్బు ఉంది. ఇంకేం కావాలి?


మే 9, శుక్రవారం

రత్నాకర్ బెర్గెన్ వద్దంటున్నాడు. గాడ మనోళ్ళు ఎవరున్నరక్కా, సలికి సస్తవ్, నవత తమ్ముడు సురేందర్ బర్మింగ్‌హామ్‌ల ఉన్నడు, ఇల్లుంది, గాడికే పో, అంటాడు. ఖైరతాబాద్ నుంచి చెల్లెలు నళిని ఫోన్ చేసి, బాలి పోరాదే అక్కా, గుళ్ళుంటయ్, అంది.

నేను బెర్గెన్ అనే అన్నాను.

అయితే అమ్మ లెక్క చీట్లేద్దాం, స్వామియే చెప్తడు, అన్నాడు రత్నాకర్.

దానికి కాదనలేను. మా ఇంట్లో పెద్ద విషయం ఏదైనా అమ్మ అలాగే తేల్చేది. పేర్లు రాసి, ఉండలు చుట్టి, పసుపు బొట్టు పెట్టి స్వామి ముందు పళ్ళెంలో వేయాలి. ఇంట్లో చిన్నవాళ్ళు ఒకటి తీయాలి. మిగతావి విప్పకూడదు. స్వామి కాదన్నది మనిషి చూడకూడదు.


మే 11, ఆదివారం. నరసింహ జయంతి

పానకం, వడపప్పు. నళిని కూడా వచ్చింది. మూడు చీట్లు రత్నాకరే రాశాడు, లోపలి గదిలో. ప్రణవి కళ్ళు మూసుకుని ఒకటి తీసింది. రత్నాకర్ విప్పి చదివాడు.

బర్మింగ్‌హామ్.

నవత చప్పట్లు కొట్టి, చూసిన్రా వదినా, దేవుడే పంపిస్తున్నడు, అంది. మిగతా రెండూ రత్నాకరే పళ్ళెంలోంచి తీసేశాడు. ఫారాలు నింపుతానని పాస్‌పోర్టు కూడా తీసుకున్నాడు.


మే 12, సోమవారం

స్వామి నిర్ణయం. బాధపడటం తప్పు. పడ్డాను.


మే 17, శనివారం

రత్నాకర్ బేగం బజార్‌లో స్టీల్ సామాన్ల హోల్‌సేల్ దుకాణంలో పనిచేస్తాడు. ఇవాళ రెండు పెద్ద గంజులు మోసుకొచ్చాడు. ఒక్కోదాంట్లో ప్రణవి కూర్చోవచ్చు. ఎందుకురా అంటే, సురేందర్‌కి గిఫ్టు అక్కా, అన్నాడు.

నవత పెన్ను పట్టుకుని, వదినా, యాభై మందికి పచ్చిపులుసు జేస్తే చింతపండు ఎంత వడ్తది, అని అడిగింది. చెప్పాను. బగారా అన్నం కొలతలు కూడా చెప్పాను. ఎందుకని అడగలేదు. అడిగే అలవాటు లేదు నాకు.

నార్వే గైడ్ ట్రంకుపెట్టెలో పెట్టేశాను.


మే 25, ఆదివారం. ఉదయం 11

భవ్య మెసేజ్ పెట్టింది. ఆ భవ్యే. ఇప్పుడు బర్మింగ్‌హామ్‌లో నర్సు. మిస్, మీరు మా ఊరొస్తున్రా, ఎంత హ్యాపీనో, అని కింద ఒక పోస్టర్ పంపింది.

నా ఫోటో. వీడ్కోలు సభలో శాలువా కప్పినప్పటిది. శాలువా కత్తిరించేసి ఏప్రన్ తొడిగారు. చేతిలో గరిటె పెట్టారు. పైన పెద్ద అక్షరాలు. పెద్దక్క కర్రీ పాయింట్. కింద, జూలై నుంచి పెద్దక్క స్వయంగా హైదరాబాద్ నుంచి వచ్చి వండుతుంది, ఆర్డర్లకు సురేందర్, అని నంబరు.

మూడుసార్లు చదివాను.

ఎప్పుడు వచ్చింది ఇది, అని భవ్యను అడిగాను. తెలుగువాళ్ళ గ్రూపులో మే 8న పెట్టిన్రు మిస్, అంది.

చీట్లు వేసింది మే 11.


మే 26, సోమవారం

స్వామి పూల సంచి కొక్కేనికే ఉంది. ముట్టుకోలేదు.


మే 27, మంగళవారం. అమావాస్య. ఉదయం 5:10

సంచి దింపాను. డాబా మీద పేపర్ పరిచి కుమ్మరించాను. ఎండిన బంతిపూలు, మల్లెలు, తులసి. అడుగున రెండు కాగితం ఉండలు. పసుపు ఇంకా ఉంది.

విప్పకూడదు. ప్రణవికి ఆ మాట నేర్పింది నేనే.

విప్పాను.

బర్మింగ్‌హామ్.

బర్మింగ్‌హామ్.

అది రత్నాకర్ రాత. వాడు 'హ' కింద తోక సాగదీస్తాడు. వాడికి పలక మీద 'హ' దిద్దించింది నేను.


మే 28, బుధవారం

కోపం. ఆ మాట రాయడానికి ఒక రోజు పట్టింది. రాశాను. మళ్ళీ రాస్తున్నాను. కోపం.

వంటకు కాదు. వండమంటే వండేదాన్నేమో. అదీ నాకు తెలుసు, దానికీ కోపమే. ముఖం మీద అడగొచ్చు. అక్కా, సురేందర్ దుకాణం నడవట్లేదు, నీ చేతి వంట కావాలి అనొచ్చు. నన్ను అడగడం దండగ అనుకున్నారు. స్వామి పేరు చెప్తే తల వంచుతుందని తెలుసు. నా భక్తిని పగ్గంలా వాడారు. జపమాల తీసుకున్నాను. నూటెనిమిది దాకా రాలేకపోయాను. ముప్పై ఏళ్ళలో మొదటిసారి.

ఇంకొకటి. రాయొద్దనుకున్నాను.

నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు సంబంధం వచ్చింది. వామన్‌రావు. ఖైరతాబాద్‌లో ఏదో ఆఫీసులో క్లర్కు. మా ఇంటికొచ్చి మంచినీళ్ళు రెండోసారి అడిగి తాగాడు. నేను తెస్తానని. నాన్న పోయి ఏడాది. రత్నాకర్ ఏడో క్లాసు, నళిని ఐదు. అమ్మ రెండు చీట్లు వేసింది. 'ఔ' ఒకటి, 'వద్దు' ఒకటి. నళిని తీసింది. వద్దు. నేను ఏడవలేదు. స్వామి మాట.

రెండో చీటీ ఎవరూ విప్పలేదు. అప్పట్లో అమ్మ నిర్మాల్యం చాదర్‌ఘాట్ తీసుకెళ్ళి మూసీలో వదిలేది. నా జీతం మీద ఇల్లు నడుస్తున్న రోజులవి.

అమ్మ అలా చేసి ఉండదు.

అమ్మ మీద కోపం రాకూడదు. వచ్చింది. అమ్మ పోయింది, తెలుసుకునే దారి లేదు. రత్నాకర్ నా మూడు నెలలు కాదు తీసుకుంది. వెనక్కి వెళ్ళి ముప్పై రెండేళ్ళ మీద అనుమానం పెట్టాడు.


మే 29, గురువారం

నళినికి ఫోన్ చేసి ఒకటే అడిగాను. నీకు తెలుసా?

నువ్వు ఖాళీగనే ఉంటవ్ గద అనుకున్నమక్కా, అంది. పోస్టర్ల నీ ఫోటో నేనే పంపిన, మంచిగొచ్చిందని, అని కూడా అంది. బాలి మాట ఉత్తిదే అన్నమాట.

ఖాళీ. కిరాయికిచ్చే గదిని కదా అలా అంటారు.


జూన్ 2, సోమవారం

చాయ్ పెట్టాను. మాత్ర పెట్టలేదు. రత్నాకర్ సాసర్ వంక చూసి, తనే వెళ్ళి తెచ్చుకున్నాడు. డబ్బా ఎక్కడుందో వాడికి తెలుసన్నమాట.


జూన్ 7, శనివారం. ఉదయం 9

టిఫిన్‌కు కూర్చున్నారు. రత్నాకర్ పళ్ళెంలో ఉప్మా వేయలేదు. రెండు చీట్లు విప్పి పెట్టాను.

ప్రణవి వంగి చదివింది. డాడీ, రెండూ ఒక్కటే ఉన్నయేంది, అంది. ఆ పిల్లకు తెలియదు. నాకు ఆ ఒక్కటీ ఊరట.

రత్నాకర్ మొదలుపెట్టాడు. గట్ల గాదక్కా, నీ మంచికే అక్కా, గా సలి దేశంల ఒక్కదానివి ఎట్లుంటవ్ అక్కా. నవత ఏడ్చింది. మా తమ్ముడు మునిగిపోతున్నడు వదినా, మీ చెయ్యి పడ్తే నిలవడ్తడనుకున్నం, అంది. టూరిస్టు వీసా మీద వంటపని చేస్తే నేరం తెలుసా, అన్నాను. ఇంట్ల వండితే ఎవరు జూస్తరు, అంది, ఏడుస్తూనే.

వాడిని ఒకటే అడిగాను. ఇంత చేసినవాడివి ఆ రెండు చీట్లు చింపి చెత్తలో ఎందుకు పారేయలేదు? నాకెప్పటికీ తెలిసేది కాదు కదా.

రత్నాకర్ నిజంగా ఆశ్చర్యపోయాడు. అదేందక్కా, దేవుని కాడ పెట్టినయ్ చెత్తల ఎట్లేస్తం, పాపం గాదా, అన్నాడు.

పాపమట.

నవ్వు రాలేదు. ఆ మాట వాడికి నేర్పింది కూడా నేనే. పాస్‌పోర్టు తెమ్మన్నాను. తెచ్చాడు. రేపు సాయంత్రం నళినిని రమ్మను, మళ్ళీ చీట్లేద్దాం, ఈసారి నేను రాస్తాను, అన్నాను.


జూన్ 8, ఆదివారం. మధ్యాహ్నం 2

ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో ఉబ్బసానికి చేప మందు వేస్తున్నారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు పొద్దుటి నుంచి మా గల్లీ దాకా నిలబడ్డారు. ఒక ముసలాయన మెట్ల మీద కూర్చున్నాడు. నీళ్ళిచ్చాను. మందు మీద నమ్మకమేనా, అన్నాను. నమ్మకం లేకుంటే గింత దూరం ఎందుకొస్తనమ్మా, అన్నాడు. రెండో గ్లాసు అడిగాడు.

పైకొచ్చి చీట్లు రాశాను.


జూన్ 8. సాయంత్రం 7

అందరూ వచ్చారు. దీపం పెట్టాను. మూడు చీట్లలోనూ ఒకటే పేరుందని ముందే చెప్పాను. స్వామికి పొద్దునే చెప్పాను.

ప్రణవి ఒకటి తీసింది. మిగతా రెండూ నేనే విప్పి పళ్ళెంలో పరిచాను.

ఇంట్లో తేలింది ఇది. సెప్టెంబర్ ఒకటిన నేను బయల్దేరతాను. గంజులు దుకాణానికి వాపస్. పోస్టర్ రేపటికల్లా తీసేయిస్తుంది నళిని. నేను వచ్చేదాకా రోజూ స్వామికి పూలు మార్చేది రత్నాకర్.

చీటీ వాడినే చదవమన్నాను. బెర్గెన్ అనడానికి వాడికి నోరు తిరగలేదు.

మళ్ళీ చదవమన్నాను.