తూలింది నేను కాదు

క్వార్ట్‌సైట్, అరిజోనా
1999 ఫిబ్రవరి 6

ప్రియమైన చెల్లి డార్లాకు,

అక్క దీవెనలు. ఇక్కడ నేనూ మీ బావా క్షేమం. ప్రతి ఉత్తరంలోనూ అలవాటుగా రాసే మాటే అయినా, ఈసారి ఒక్కో అక్షరం నమ్మి రాస్తున్నాను. అక్కడ నువ్వూ, పిల్లలూ, మంచులో కూరుకుపోయిన మీ వాకిలీ బాగున్నారని తలుస్తాను.

మొన్న ఫోనులో "ఆ ఉత్తరం చించెయ్, నాకేం లేదు" అని పెట్టేశాను. నువ్వు "ఏమైందక్కా, ఏమైందక్కా" అంటూనే ఉన్నావు. ఏం చెయ్యను? మాలా ఇంటిబండ్లలో ఉండేవాళ్ళ క్యాంపు ఇది, ఆఫీసు ముందు ఫోను ఒక్కటే. నా వెనక వరసలో జనం. వాళ్ళ ముందు ఏడవడం ఇష్టంలేక పెట్టేశాను. ఇప్పుడు తీరిగ్గా కాఫీ పెట్టుకుని కూర్చున్నాను, అంతా చెబుతాను.

ఆ ఉత్తరంలో నీకు రాసినవన్నీ నిజంగా నమ్మే రాశాను డార్లా. అమ్మ బొంత నువ్వు తీసుకోమన్నాను. మీ బావకి గుడ్డు ఉడకబెట్టుకోవడం కూడా చేతకాదు, కాస్త కనిపెట్టుకుని ఉండమన్నాను. అమ్మని చివర్లో ఉంచిన వృద్ధాశ్రమంలో చోటుందేమో కనుక్కోమన్నాను. రాసి పోస్టులో వేసి వచ్చి, మీ బావకి మామూలుగా చిక్కుడుగింజల పులుసు వడ్డించాను. ఆయనకి ఒక్క ముక్క చెప్పలేదు.

అమ్మకి ఎలా మొదలైందో నీకు గుర్తుందిగా. పొద్దున్న లేస్తూనే ఎడమ పక్కకి ఒరిగేది. కప్పులో పొయ్యబోయి బల్ల మీద పోసేది. మనం నవ్వేవాళ్ళం కూడా. తర్వాత నడక పోయింది, ఆ తర్వాత మాట. నాకూ సరిగ్గా అలాగే. తెల్లారి మంచం దిగితే చాలు, ఎవరో భుజం పట్టుకుని ఎడమ పక్కకి లాగుతున్నట్టుండేది. బండిలో అల్మరాలు పట్టుకుని వంటగట్టు దాకా నడిచేదాన్ని. మీ బావ చూస్తాడేమోనని మధ్యమధ్య తుడుస్తున్నట్టు నటించేదాన్ని. ఎదురుగా ఇసుకలో క్యాంపు ఆడవాళ్ళతో కలిసి నడకకి వెళితే మాత్రం ఏమీ ఉండేది కాదు. వచ్చాకా బాగానే ఉండేది. గాలి తగిలితే సర్దుకుంటోంది, ఇంకా మొదట్లోనే ఉంది కాబోలు అనుకున్నాను.

బండి నేల వంకరేమో అన్న అనుమానం రాకపోలేదు. ఓ రోజు నడక నుంచి వచ్చి గిన్నె నిండా నీళ్ళు పోసి గట్టు మీద పెట్టాను. నీళ్ళు అంచుకి సమానంగా, అద్దంలా నిలబడ్డాయి. నేల తిన్నగానే ఉంది, నేనే తిన్నగా లేను. ఆ గిన్నె ముందు నిలబడి నేను పడ్డ బాధ నీకు రాయలేను. ఆ రోజే నీకు ఆ ఉత్తరం రాశాను.

ఇక గురువారం సంగతి. మీ బావ పన్ను నొప్పి అని చీకటితోనే లేచి, బండి వెనక కట్టి తెచ్చుకునే చిన్న కారు వేసుకుని బ్లైత్ ఊరు వెళ్ళాడు. నాకు ఆ వేళ ఎన్నడూ లేనంతగా ఒరిగిపోతోంది. నడకకి వెళ్ళే ధైర్యం చాల్లేదు. నేను రాలేదేమని మా పక్క బండి మేవిస్ వెతుక్కుంటూ వచ్చింది. మేవిస్ గురించి నీకెప్పుడూ రాయలేదు. మొగుడు పోయాక తన ఇంటిబండిని, అదే మోటర్‌హోమ్, తనే నడుపుకుంటూ ఊళ్ళు తిరిగే మనిషి. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది.

మెట్టెక్కి లోపలికి అడుగు పెట్టిందో లేదో, తూలి వెళ్ళి సోఫాలో పడింది. "ఏమేవ్ నోరీన్, కొంపకేమైనా తాగించావా? ఇలా ఒరిగిపోయిందేమిటి!" అంది.

నేను అట్టు పోస్తున్న గరిటెతోనే ఆవిడ వైపు తిరిగాను. నీకూ తెలుస్తోందా అని అడిగాను. "తెలియకపోవడానికి నేనేమైనా సముద్రంలో పుట్టానా? నీ పెనం చూడు" అంది. చూశాను. నేను పోసిన అట్టు పిండంతా ఎడమ అంచుకి పారిపోయి అక్కడ ముద్దగా మాడుతోంది. నేను ఆవిణ్ణి వాటేసుకుని ఏడ్చాను డార్లా. గరిటె పిండి ఆవిడ చొక్కా వెనకంతా అంటుకుంది. ఆవిడ నా వీపు నిమురుతూ, "కొంప వంకరైనందుకు ఇంత సంతోషించేదాన్ని నిన్నే చూశాను" అంది. అప్పుడు అమ్మ సంగతి చెప్పాను. మీ బావకి చెప్పనిది పరాయిదానికి చెప్పాను. ఆవిడ లేచి పొయ్యి ఆర్పింది.

తర్వాత ఇద్దరం బయటికి వెళ్ళి చూశాం. ఈ బండిని నిలిపినప్పుడు నాలుగు మూలలా కిందికి దిగి నేలని తన్ని పట్టే జాకీలుంటాయి కదా, ఎడమ వైపు ముందుది దిగబడిపోయి ఉంది. మేవిస్ మోకాళ్ళ మీద వంగి చూసింది. నేల మీద చుక్క ఆయిలు లేదు. బయటికి కారితే మరక ఉండేది, అది లేదంటే జాకీని పట్టి ఉంచే వాల్వు సరిగ్గా మూసుకోక, ఆయిలు లోపల్లోపలే ట్యాంకులోకి జారుకుంటోందన్నమాట అంది. మీట నొక్కితే మోటారు బుర్రుమని జాకీ మళ్ళీ లేచింది. ఆవిడ తన రసమట్టం తెచ్చి నేల మీద పెట్టింది. బుడగ మధ్యలో నిలబడింది. మధ్యాహ్నానికల్లా మెల్లిగా పక్కకి జరగడం మొదలుపెట్టింది. మేమిద్దరం దాన్ని టీవీ చూసినట్టు చూస్తూ కూర్చున్నాం.

మీ బావ వచ్చేసరికి మేవిస్ గుమ్మంలోనే అందుకుంది. "వెండెల్, నీ ఎడమ ముందు జాకీ చచ్చింది. ఇన్నాళ్ళూ కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావయ్యా?" అంది. మీ బావ ముఖం పాలిపోయింది. పన్ను పీకించుకున్నాడేమో, ఆ నొప్పి అనుకున్నాను.

ఆ సాయంత్రం ఇద్దరూ పనిలో దిగారు. ముందు బండి చట్రం కింద దుంగలు పేర్చించింది మేవిస్. "జాకీని నమ్మి కింద దూరినవాడు లేచి వస్తాడన్న నమ్మకం లేదు" అని మీ బావని కసిరింది. ఎడమ ముందు వాల్వునీ కుడి వెనక వాల్వునీ ఒకదాని చోట ఒకటి బిగించారు. తెల్లారి చూస్తే ముందు మూల తిన్నగా ఉంది, వెనక మూల దిగింది. వాల్వుతోపాటే జబ్బూ అటు వెళ్ళింది. తప్పు జాకీది కాదు, వాల్వుదే.

వాల్వు దొరకడమే కష్టమని మేవిస్ అంది. ఆ జాకీలు చేసిన కంపెనీ ఎప్పుడో మూసేశారట. కొత్త రకంవి దీనికి మరలు పట్టవు. పాత బండ్లు విప్పి అమ్మేవాళ్ళ దగ్గర దొరికితే దొరికినట్టు, లేకపోతే నెలలు పడుతుంది అంది. మీ బావ "చూసొస్తాను" అని వెళ్ళాడు. కాసేపట్లో వచ్చేశాడు, చేతిలో వాల్వు! తుడిచి, గుడ్డలో చుట్టి ఉంది. ఇక్కడి పాత సామాన్ల సంతలో ఒర్విల్ అనే ఆయన దగ్గర దొరికిందన్నాడు. మేవిస్ నమ్మలేకపోయింది. "నీకు లాటరీ కొనే అలవాటుందా? లేకపోతే మొదలుపెట్టు" అంది.

బిగించారు. ఈ రోజు తెల్లారి మంచం దిగి నిలబడ్డాను. నిలబడ్డాను, అంతే. ఏమీ పట్టుకోలేదు. అటూ ఇటూ రెండుసార్లు నడిచాను. మీ బావ దుప్పట్లోంచి, ఏమిటా తిరుగుడు అని అడిగాడు. ఊరికే అన్నాను.

నువ్వూ ఈ వారం ఎలా గడిపావో నాకు తెలుసు. అమ్మకి వచ్చింది నాకు వస్తే నీ వంతు ఎప్పుడా అని నువ్వు అనుకునే ఉంటావు. ఇక అనుకోకు. హాయిగా పడుకో. ఆశ్రమానికి ఫోను చేసి ఉంటే, పొరపాటని చెప్పెయ్. పిల్లలకి ముద్దులు.

నీ అక్క,
నోరీన్

తా.క. ఉత్తరం బల్ల మీద పెట్టి స్టాంపులకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మీ బావ మెట్టు మీద కూర్చుని ఉన్నాడు, కళ్ళద్దాలు ఒక చేతిలో, ఈ కాగితాలు ఒక చేతిలో. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా ఉత్తరం ఆయన చదవడం ఇదే మొదటిసారి. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"నాకు ముందే తెలుసు నోరీన్" అన్నాడు.

జాకీ దిగుతోందని ఆయనకి కిందటి నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగ నుంచీ తెలుసట. నేను నడకకి వెళ్ళగానే రోజూ మీట నొక్కి లేపేవాడట. నా గిన్నెలో నీళ్ళు తిన్నగా ఉన్నాయంటే మరి ఎందుకుండవు! ఊరూరా ఫోన్లు చేసి ఆ వాల్వు కోసం వెతికాడు. గురువారం పన్నూ లేదు, డాక్టరూ లేడు. ఒర్విల్ ఉండేది బ్లైత్‌లోనే. మేవిస్ గుమ్మంలో నిలదీసినప్పుడు వాల్వు కారులోనే ఉంది. మర్నాడు "చూసొస్తాను" అని వెళ్ళి, హోటల్లో ఆపిల్ పై ఓ ముక్క తిని, కారులోంచి తీసి తెచ్చాడు.

ఎందుకు దాచావయ్యా అని అరిచాను. కిందటి వేసవిలో ఎడారి మధ్య ఫ్రిజ్ పాడైనప్పుడు నేనన్నానట, ఇంకొక్కటి పాడైతే ఈ బండి అమ్మేసి డార్లా ఊళ్ళో ఇల్లు కొందామని. నిజమే, అన్నాను. ఆ రోజు ఎండ, ఆకలి. ఆ మాట అప్పుడే మరిచిపోయాను. ఆయన మాత్రం అన్నాళ్ళూ దాన్ని గుండెలో పెట్టుకుని తిరిగాడు. "అమ్మ జబ్బే నీకూ వచ్చిందని భయపడుతున్నట్టు తెలిస్తే ఈ బండిని ఆ రోజే అమ్మి పారేసేవాణ్ణి" అన్నాడు. నువ్వు అమ్మితే నేనెక్కడ ఉంటాను అన్నాను.

గిన్నెలు తుడిచే గుడ్డ ఆయన మీదికి విసిరాను. తర్వాత వెళ్ళి ఆ మెట్టు మీదే పక్కన కూర్చున్నాను. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. కోపం ఇంకా పూర్తిగా పోలేదులే, ఆదివారం దాకా ఉంచుకుంటాను.

ఇదంతా నీకు రాయొద్దంటాడేమో అనుకున్నాను. రాయమన్నాడు. పోస్టులో తనే వేసి వస్తానంటున్నాడు కూడా. ఇద్దరం కలిసి వెళతాం.