ఉప్పు చూడని పులిహోర

తార్నాక, జూన్ 1968

చిరంజీవి శేషాచలానికి అక్క ఆశీస్సులు. వకుళను వంట కాలేజీకి పంపాలా, పంపితే బొంబాయా మద్రాసా అని అడిగావు.

ఈ పొద్దున యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్ వంటింట్లో నీ కూతురు పులిహోర కలిపింది. పిల్లలను ఎంచుకోవడానికి మద్రాసు కాలేజీ నుంచి వచ్చిన టీచరమ్మ ఒక ముద్ద తిని, "ఉప్పేదమ్మా?" అంది. నైవేద్యం ఎంగిలి కాకూడదని మన ఇంట్లో వండేవాళ్ళు రుచి చూడరు కదా, వకుళ కూడా చూడలేదు. అక్కడ వండే రాములవ్వ ఒకటే నవ్వు: "దేవుడు ఉప్పు అడుగడు బిడ్డా, గీ హాస్టల్ పోరీలు అడుగుతరు!" టీచరమ్మ కూడా నవ్వి, "చెయ్యి మంచిది. రుచి చూస్తానంటే సీటిస్తాను" అంది.

మరదలి మోకాలి నొప్పి తగ్గిందా? కొత్త ఆవకాయ పంపు, జాడీకి వాసెన గట్టిగా కట్టమను.

సాయంత్రం చారు దించి, దేవుడికి ముందుగా వేరే గిన్నెలో తీసిపెట్టి, గరిటె వకుళకిచ్చాను. భయపడుతూనే చప్పరించి, "ఉప్పు చాల్లేదత్తా" అంది. ఇన్నేళ్ళలో మీ బావ ఒక్కసారీ ఆ మాట అనలేదు. పిల్లను మద్రాసుకే పంపాలని అప్పుడే అనుకున్నాం. సరేనని రాయి. స్వామి మిమ్మల్ని చల్లగా చూడాలి.

మీ అక్క