తిరగబడ్డ టేపు

ప్రియమైన ఇంజనీరమ్మకు,

ఛీ! నిన్నటి సన్మానం తలచుకుంటే నోరంతా చేదవుతోంది. నలభై ఏళ్ల క్రితం తలుపుల చప్పుళ్లూ, పంపు నీళ్ల చప్పుళ్లూ టేపు మీదకెక్కించి, మనిద్దరం ముక్కలు కోసి అతికించిన ఆ కృతిని సంగీత భాండాగారం వాళ్లు తిరగేసి వినిపించారు. ఏమీ లేనిచోటు నుంచి మెల్లగా పుట్టి, దభీమని తలుపు చప్పుడుతో ముగియాలా? తలుపుతో మొదలై నీరుగారిపోయింది. వెనక వరసలో ఒకాయన గురక పెట్టాడు. జ్ఞాపిక మీద నా పేరు కూడా తప్పే. కాఫీ మీద తొరక.

వచ్చేవారం ఇదే డిస్కుగా తెస్తారట. నువ్వు టేపు వాళ్లకిచ్చి, ఖాళీ పెట్టె దాచుకున్నావుగా, వెంటనే పంపు. టేపు వినిపించిన భాండాగారం అమ్మాయి తప్పు రుజువు చేస్తాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది?

ఇట్లు,
చెవులున్నందుకు ఏడుస్తున్న నీ ఆయన

*

ప్రియమైన స్వరకర్తగారికి,

మోకాలు బాగానే ఉంది. మీ ఉత్తరం చదివి పెట్టె బయటికి తీశాను. పెట్టె మీద మీ చేతిరాతే ఉంది: "టేపు చివర పైకి ఉంది. వెనక్కి చుట్టి వినిపించాలి." అంటే ఆ అమ్మాయి సరిగ్గానే చుట్టి వినిపించింది.

తప్పు నాది. మొదటి కచేరీనాడు కంగారులో చుట్టకుండానే మిషనుకెక్కించాను, కృతి చివరి నుంచి మొదటికి మోగింది. మీరేమో భయంతో బాత్రూములో వాంతులు చేసుకుంటున్నారు. మూతి తుడుచుకుంటూ వచ్చేసరికి జనం లేచి చప్పట్లు కొడుతున్నారు. నిజం చెప్పకుండానే టేపు తీసి పెట్టెలో పెట్టేశాను. రికార్డూ అలాగే వచ్చింది, దాంతో మీకు ఉద్యోగం, బిరుదులు.

మీరే కనిపెడతారని ఏళ్లతరబడి ఎదురుచూశాను. సొంత బిడ్డను తలకిందులుగా చేతికిచ్చినా పోల్చుకోలేని మనిషా ఈయన అని రోతపుట్టింది. అందుకే మా చెల్లెలింటికి వచ్చేశాను. మీకు మాత్రం కీళ్ల నొప్పులని చెప్పాను.

పెట్టె పంపుతున్నాను. ఆ అమ్మాయి పొట్ట కొట్టకండి.

మీ,
ఇంకా మీ ఇంటిపేరే రాసుకుంటున్న మనిషి

*

ప్రియమైన నీకు,

పెట్టె అందింది. రుజువు కోసం అడగలేదు, ఎవరి కంటా పడకుండా కాల్చేద్దామని అడిగాను. రికార్డు మొదటిసారి విన్నప్పుడే అది తిరగబడిందని నాకు తెలిసింది. నువ్వు కావాలనే తిప్పావనుకున్నాను. అడిగితే అవునంటావేమోనని భయం. ఆ భయాన్ని ఇన్నేళ్లూ విసుగుగా నీ మీద కక్కాను. నామీద నాకే అసహ్యంగా ఉంది.

నిన్న భాండాగారానికి వెళ్లి, "నువ్వు వినిపించిందే సరైనదమ్మా, తప్పు నీది కాదు" అని ఆ అమ్మాయితో చెప్పాను. ఆమె రెండు వైపుల నుంచీ వినిపించింది. నేను చేసింది చెత్త. నువ్వు తిప్పిందే సంగీతం. డిస్కులో అదే వేయమన్నాను.

ఆమె సంబరపడింది. "అయితే అప్పుడు తిప్పిందెవరు సార్? డిస్కు మీద మీ పేరు పక్కన ఆ పేరూ వేద్దాం" అంది, కలం పట్టుకుని.

నీ పేరు నాలిక చివరిదాకా వచ్చింది.

"గుర్తులేదమ్మా" అన్నాను.

ఇట్లు,
నీ భర్త