భీమిలిలో మొదటి మునక ఎవరిది?

తార్నాక,
8-4-1968

వియ్యపురాలు లింగమ్మగారికి శ్యామలాంబ నమస్కరించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మాయి సారలమ్మ మా శ్రీనివాసరావుకు ఉదయం ఆరింటికి లేవడం నేర్పింది. ఇరవై తొమ్మిదేళ్ళలో నా వల్ల కాని పని అది.

యూనివర్సిటీలో మీ క్వార్టరు మా ఇంటికి మైలు దూరమే అయినా, నోటిమాటకు రుజువు ఉండదు గనుక ఈ ఉత్తరం మా వంట పేరయ్య చేత పంపుతున్నాను.

ఏటా మే నెలలో మా కుటుంబమంతా భీమిలి సముద్రతీరాన పది రోజులు ఉంటాం. ఈ ఏడు మీతో కలిపి ఇరవై ఆరుగురం. మీరూ తప్పక రావాలి. మా పద్ధతి ఒకటుంది. అక్కడ మాతో ఒకే కప్పు కింద పడుకునే వారందరిలో పెద్దవారెవరో, వారు సముద్రంలో ముందుగా మూడు మునకలు వేయాలి. అంతవరకు ఇంకెవరూ కాలివేలు కూడా తడపరాదు. ఆ పది రోజులూ ఆ పెద్దవారి మాటే చట్టం.

పందొమ్మిదేళ్ళుగా మా అక్కగారు కమలాదేవి మునుగుతున్నారు. నేను గట్టున కుర్చీ వేసుకుని, ఎవరెన్ని మునకలు వేశారో రిజిస్టరులో రాస్తున్నాను. పోయిన ఏటి మొత్తం 1,143. ఈ ఏడు అక్కగారికి మోకాళ్ళు పట్టేశాయి, రారు. కనుక మీ వయసెంతో తెలుపగలరు.

ఇట్లు,
శ్యామలాంబ

తా.క. మీ ముఖంలోని పెద్దరికం చూస్తే నాకంటే పెద్దవారనే తోస్తుంది.

*

యూనివర్సిటీ క్వార్టర్లు,
9-4-68

తార్నాక వదినెకు లింగమ్మ దండం పెట్టి కొడుకుతోని రాయించేది.

మీ కాయితం మా కొమురెల్లి రెండుసార్లు చదివిండు. మొదటిసారి నవ్విన. రెండోసారి భయమైంది. మా దిక్కు పండుగకు మేకపోతును ముందుగాల నిలవెట్టి, మీద నీళ్ళు చల్లుతరు. అది ఒళ్ళు దులుపుకుంటె ఒప్పుకున్నట్టు. మీరు వయసు అడుగుడు, నీళ్ళల్ల ముందుగాల దిగుమనుడు చూస్తె నాకు గదే యాదికొచ్చింది. మేం పిల్లనిచ్చినం గని నన్ను సుత ఇస్తమన్లేదు గదా!

నేను హుసేన్‌సాగర్ కట్ట మీదికెల్లి బస్సుల పోతెనే కండ్లు మూసుకుంట. నా వయసు యాభై ఎనిమిది. మీరే పెద్దోళ్ళు. మీరే మునుగుండ్రి. గట్టు మీద కుర్సీల నేను కూసుంట.

ఇట్లు,
లింగమ్మ

తా.క. అత్తమ్మా, ఇది కొమురెల్లి సొంతంగ రాస్తున్న. అమ్మ నిన్నటిదాక తనకు డెబ్బై నిండినయని ఇంట్ల అందరిని బెదిరిస్తుండె. యాభై ఎనిమిది అని ఇయ్యాల్నే విన్న.

*

తార్నాక,
11-4-1968

లింగమ్మ వదినగారికి నమస్కారాలు.

మేకపోతుతో పోలిక కుదరదు. దానికి తిరిగి వచ్చే ఏర్పాటు ఉండదు. మీ కోసం గట్టున పేరయ్య తువ్వాలు పట్టుకుని నిలబడతాడు.

వయసు విషయంలో ఏదో పొరపాటు జరిగింది. ఫిబ్రవరిలో పెళ్ళి పందిట్లో మీరు మా ఆడవాళ్ళకు మూసీ వరద కథ చెప్పారు. చింతకొమ్మ పట్టుకుని రాత్రంతా వేలాడానన్నారు. మూసీ వరద వచ్చింది 1908 సెప్టెంబరులో. కొమ్మ పట్టుకుని వేలాడగల పిల్లకు తక్కువలో తక్కువ ఐదేళ్ళుండాలి. అంటే ఇప్పుడు మీకు అరవై నాలుగు. నాకు యాభై తొమ్మిది. మొదటి మునక మీదేనని ఆనందంగా తెలియజేస్తున్నాను.

ఇట్లు,
శ్యామలాంబ

తా.క. చి. కొమురెల్లి నిజాయితీకి నా ఆశీస్సులు.

*

యూనివర్సిటీ క్వార్టర్లు,
12-4-68

వదినెకు లింగమ్మ రాయించేది.

నేను కొమ్మ పట్టుకోలే. మా అవ్వ నన్ను కొంగుల మూటగట్టి కొమ్మకు కట్టింది. మూటకు వయసుంటదా? కథ చెప్పేటప్పుడు ఎవరన్న జరంత ఉప్పుకారం ఏస్తరు.

ఇగ మీ సంగతి. మీ పేరయ్యకు చాయ్ పోసి అడిగిన, అమ్మగారు బడిల నౌకరీ ఇడిసి ఎన్నేండ్లాయె అని. ఏడేండ్లన్నడు. సర్కారోళ్ళు ఇంటికి తోలేది యాభై ఐదుకు. యాభై ఐదు, ఏడు కలిపితె ఎంత? లెక్కల పంతులమ్మ మీరే, చెప్పుండ్రి.

నన్ను ముంచుడే మీ పట్టుదలైతె నేను రాను. మా సారక్కను సుత మా ఇంటికి తోలుకొస్త. భీమిలి లేదు, గీమిలి లేదు.

ఇట్లు,
లింగమ్మ

తా.క. నా తా.క. సంగతి అమ్మకు ఎరుకైంది. ఇది పక్కింటి పిల్లతో చదివించుకొని విన్నంకనే కవరు అంటించనిస్తదట. అందుకే చెప్తున్న, అమ్మకు యాభై ఎనిమిదే. నాకు నలభై తొమ్మిది.

*

తార్నాక,
15-4-1968

లింగమ్మ వదినగారికి,

మీ కూడిక సరిగ్గానే ఉంది. అరవై రెండు. చి. కొమురెల్లి తీసివేత మాత్రం సరిచూసుకోవాలి.

అమ్మాయిని తీసుకుపోతామన్న మాట విన్నప్పటి నుంచి సారలమ్మ పెరుగన్నం ముట్టలేదు. శ్రీనివాసరావు మళ్ళీ ఎనిమిదింటికి లేస్తున్నాడు. మనమిద్దరం ఇలాగే ఉంటే ఇరవై నాలుగు మంది పది రోజులూ ఇసుకలో నిలబడి సముద్రాన్ని చూసి తిరిగి రావాలి. లేదా ఆ పద్ధతినే మానుకోవాలి. అది నా చేతుల మీదుగా జరగడం నాకిష్టం లేదు.

ఇట్లు,
శ్యామలాంబ

తా.క. మీకు ఈత వచ్చునా? ఊరికే అడుగుతున్నాను.

*

యూనివర్సిటీ క్వార్టర్లు,
16-4-68

వదినెకు లింగమ్మ దండాలు.

ఈత రాదు. మీకొస్తదా? మీరు చెప్పరని పేరయ్యనే అడిగిన. పందొమ్మిదేండ్లల్ల మీ చీర అంచు సుత తడవలేదన్నడు. నాకు మస్తు సంబురమైంది. గీ ముక్క మొదలే చెప్తె గిన్ని కాయితాలు ఎందుకు?

చాయ్ పోసుకుంట పేరయ్య వయసు సుత అడిగిన. రాజమండ్రి కాడ గోదావరి మీద మొదటి రైలు పోయిన ఏడు పుట్టిండట. కొమురెల్లి తను పనిచేసే లైబ్రరీల బుక్కు తీసి చూసిండు. 1900. మనిద్దరికంటె పెద్దోడు! భీమిలిల మీ కప్పు కిందనే పంటడు గదా. ఏటా మీరెవ్వరు లేవకముందే గంగాళాలు తోమేటందుకు సముద్రంల నడుముల్దాక దిగి, మునిగి వస్తడట. ఇగ లొల్లి ఏంది?

ఇట్లు,
లింగమ్మ

తా.క. నాకు యాభై ఎనిమిది అనేది ఇగ కొట్టెయ్యుండ్రి, మీరు కట్టిన అరవై నాలుగే ఉంచుండ్రి. కొమురెల్లిని చూసి పక్కింటోళ్ళు నవ్వుతున్నరు.

*

తార్నాక,
18-4-1968

లింగమ్మ వదినగారికి శ్యామలాంబ ప్రేమతో రాయునది.

మీరు చెప్పింది విచారించాను. నిజమే, అక్కగారి కంటే కూడా పేరయ్యే పెద్ద. పందొమ్మిదేళ్ళ మొదటి మునక అక్కగారి పేరున కొట్టేసి, పేరయ్య పేరున ఎర్రసిరాతో దిద్దాను. అక్కగారికి చెప్పలేదు. ఆవిడకు మోకాళ్ళ బాధ చాలు.

పేరయ్యను పిలిచి, మా అందరిలో నువ్వే పెద్దవాడివని మర్యాదగా చెప్పాను. గరిటె పక్కన పెట్టి, పాతికేళ్ళలో మొదటిసారి నా ఎదుట కుర్చీలో కూర్చున్నాడు.

"అయితే పది రోజులూ నా మాటే చట్టమాండీ అమ్మగారూ?"

నేను రాసిన నియమాన్ని నేనే కాదనలేను కదా. అవునన్నాను.

"అయితే నా తరవాత మునక తమరిదీ లింగమ్మగారిదీనండి. ఇద్దరూ చేతులు పట్టుకుని ఒక్కసారే దిగాలి. గట్టున కుర్చీ వేయనివ్వను. పుస్తకం నా చేతికివ్వండి."

"నీకు రాయడం రాదు కదా పేరయ్యా!"

"మునక్కో గీత గీస్తానండి. తమరివి మూడే కదా."

మే నెల అయిదో తేదీ సాయంత్రం సికింద్రాబాదు స్టేషనుకు రండి. సారలమ్మ రాత్రి రెండుసార్లు పెరుగు వేసుకుంది.

ఇట్లు,
మీ శ్యామలాంబ

తా.క. పెద్ద కెరటం వచ్చినప్పుడు నేను గట్టిగా అరిచే అవకాశం ఉంది. అది పిల్లలను హెచ్చరించడానికేనని అందరికీ మీరే చెప్పాలి. మీరు అరిస్తే నేనూ అలాగే చెబుతాను.