మునిగిన వరిని చెరువుగా, మురుగు కాలువను వరిగా రాసిన హెడ్‌సెట్ గురించి

శ్రీయుత ప్రత్యేక అధికారి గారికి,
డిజిటల్ పంట నమోదు విభాగం, విజయవాడ.

అయ్యా,

విషయం: తాడిమెరక గ్రామంలో నీట మునిగిన వరి చేనును చేపల చెరువుగాను, గుర్రపుడెక్క పట్టిన మురుగు కాలువను వరి చేనుగాను తమ విభాగం హెడ్‌సెట్ నమోదు చేయుట, అందువలన కాలువ బాగుచేత నిలిచిపోవుట, వెంటనే సరిచేయించుట గురించి.

చల్లపల్లి దగ్గర తాడిమెరకలో సూర్యప్రకాష్ గారి చేను కౌలుకు చేస్తున్న మోర్ల హనుమయ్య అను నేను తమకు మనవి చేసుకొనునది ఏమనగా:

1. పోయిన వేసవిలో విజయవాడ ఫంక్షన్ హాలులో తమ విభాగం వారు ఆగ్మెంటెడ్ రియాలిటీ అను హెడ్‌సెట్ ప్రదర్శన ఏర్పాటు చేసి, మమ్మల్ని బస్సులో తీసుకువెళ్ళారు. ఏసీ హాలు. తివాచీ మీద ట్రేలలో వరి నారు. కంపెనీ తరఫున కోటు వేసుకుని వచ్చినాయన హెడ్‌సెట్ తగిలించుకుని నారు వైపు చూస్తే, ఆకు మీద పచ్చ అక్షరాలలో దాని రకం, వయసు, ఆరోగ్యం పడ్డాయి. అదంతా పెద్ద తెర మీద మాకూ చూపించారు. ఉన్నదాని మీద అదనంగా సమాచారం వేసి చూపించడమే దీని గొప్ప అన్నారు. తర్వాత స్ప్రే సీసాతో నాలుగు చినుకులు చల్లి, "ఇది భారీ వర్షం అనుకోండి" అన్నారు. అనుకున్నాం. "తేమ తగినంత" అని తెర మీద వచ్చింది. ముందు వరుసలో తమరు చప్పట్లు కొట్టారు. "రైతు కంటికి కనపడనిది దీనికి కనపడుతుంది" అని ఆ కోటాయన చెప్పిన మాట ఒక్కటి మాత్రం అక్షరాలా నిజమని తర్వాత రుజువైంది. భోజనం బాగుంది. దాని మీద ఫిర్యాదు లేదు.

2. ఈ సార్వా పంటకు నాట్లు వేశాక, మొక్క వేరు పట్టుకునే లోపే వాయుగుండం పట్టింది. ఇది సీసాలోంచి కురిసిన వాన కాదు. మా చేల నీరు దిగవలసిన మురుగు కాలువ ఒడ్డు నుంచి ఒడ్డుకు గుర్రపుడెక్కతో మూసుకుపోయి ఉంది. నీరు కదలదు. చేలో మొక్క తల మీదికి వచ్చి నిలబడింది. ఇలాగే ఉంటే మొక్క కుళ్ళిపోతుంది. ఈ సంగతి తెలుసుకోవడానికి మాకు ఏ యంత్రమూ అక్కర్లేదు.

3. నష్టం నమోదుకు తమ విభాగం నుంచి భానుశ్రీ అనే అమ్మాయి వచ్చింది. ఆ అమ్మాయి తప్పు ఏమీ లేదని ముందుగానే మనవి చేస్తున్నాను. హెడ్‌సెట్ అద్దాలకు ఆవిరి పడుతుంటే చున్నీతో తుడుచుకుంటూనే ఉంది. తుడిచాక అది ముందుగా వాన చినుకులను చూసి వరికి పట్టే దోమపోటు అని, ఉధృతి ఎక్కువగా ఉందని హెచ్చరించిందట. తర్వాత ఆ అమ్మాయి మా చేను వైపు తిరిగింది.

"హనుమయ్యగారూ, ఇది చేపల చెరువని చూపిస్తోందండీ."

"చెరువేంటమ్మా, నీళ్ళ కింద వరి ఉంది."

"నాకు కనపడుతోందండీ. దీనికి కనపడట్లేదు."

"నీకు కనపడిందే రాసుకో మరి."

"నేను చూసింది ఎక్కదండీ. అది చూసిందే ఎక్కుద్ది."

నా భార్య వెంకటరత్నమ్మ చేలో దిగి ఒక మొక్క పీకి తెచ్చి ఆ అద్దాల ముందు పెట్టింది.

"చూడమను. ఇదేం చేపో చెప్పమను."

హెడ్‌సెట్ దానిని నీటి కలుపుగా గుర్తించి, ఏ మందు ఎంత కొట్టాలో సలహా ఇచ్చింది. పిమ్మట భానుశ్రీ కాలువ వైపు తిరిగితే గుర్రపుడెక్క మీద "వరి. ఎదుగుదల చాలా బాగుంది" అని వచ్చింది. ఆ అమ్మాయి అది పైకి చదివి, ఇక మా మొహాలు చూడకుండా బండి ఎక్కి వెళ్ళిపోయింది.

4. కాలువ బాగుచేయడానికి పొక్లెయిన్ తోలుకొచ్చిన నాని, బకెట్ దించకుండానే ఫోను చూసి మిషన్ ఆపాడు.

"బాబాయ్, ఇందులో పంట ఉందంట. కోత దాకా ముట్టుకోకూడదని వచ్చింది."

"ఏం పంటరా?"

"వరంట."

"నువ్వు పొద్దున తిన్న అన్నం దీనికే కాసిందా?"

"నాకు తెలీదా బాబాయ్. దీన్ని పీకితే మిషన్ పట్టుకెళ్తారు. నువ్విప్పిస్తావా?"

నేనిప్పించలేను. వాడు మిషన్ లారీ ఎక్కించుకుని పోయాడు.

5. అనుమతి లేకుండా చెరువు తవ్వినందుకు సంజాయిషీ చెప్పవలెనని భూయజమానికి నోటీసు వెళ్ళింది. సూర్యప్రకాష్ గారు విజయవాడ నుంచి ఫోను చేశారు.

"ఏం హనుమయ్యా, నాతో మాటైనా చెప్పకుండా చెరువు తవ్వావంట?"

"తవ్వలేదండీ. చేను మునిగింది."

"రికార్డులో చెరువని ఉందయ్యా."

"ఒకసారి వచ్చి చూడండి."

"ఎందుకు, ఫొటో పెట్టు."

"ఫొటోలో కూడా నీళ్ళేనండీ కనపడేది."

ఆయన గొంతు తగ్గించి, "చేపలేమన్నా పడ్డాయా?" అని అడిగారు.

6. తమ కార్యాలయానికి వచ్చి అడిగితే, మళ్ళీ నమోదు చేయించుకోవచ్చు గాని, వాన లేనప్పుడు, చేలో నీరు లేనప్పుడు చూసినదే చెల్లుతుందని కిటికీలోంచి సెలవిచ్చారు. అంటే మునిగిన చేను మునిగిందని రాయడానికి ముందు అది ఆరాలి. ఆరాలంటే కాలువ పారాలి. కాలువ పారాలంటే అందులో తమరి వరి కోతకు రావాలి. గుర్రపుడెక్క ఎప్పుడు ఈనుతుందో, ఎప్పుడు పండుతుందో మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. తమ విభాగమే తెలియజేయాలి.

7. హాలులో ఆ యంత్రం తప్పు చెప్పలేదన్నది నిజమే. ట్రేలో ఉన్నది నారేనని దానికి ముందే చెప్పి పెట్టారు, అది తిరిగి మాకు చెప్పింది. అంత మాత్రానికి అందరూ చప్పట్లు కొట్టారు. మా ఊళ్ళో దానికి ముందుగా చెప్పినవాళ్ళు లేరు. చెప్పబోతే వినిపించుకోవడానికి దానికి చెవులు పెట్టలేదు. దాన్ని పెట్టుకున్న మనిషికి కళ్ళూ చెవులూ రెండూ ఉన్నాయి, కాని ఆ మనిషి మాట చెల్లదని తమరే ఆర్డరు వేశారు. ఇంతకన్నా మా ఊరి దిష్టిబొమ్మ నయం. కాకి వచ్చిందో కొంగ వచ్చిందో అది రాయబోదు.

కావున కాలువను కాలువగా, చేనును చేనుగా రాయించి, నాని మిషన్‌ను వెంటనే మళ్ళీ మా కాలువకు పంపవలసిందిగా కోరుచున్నాను. పరిహారం సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు నీరు దిగాలి. నమ్మకం లేకపోతే తమరే రండి. హెడ్‌సెట్ కారులో వదిలి, గట్టు మీద నిలబడి, ఉత్త కళ్ళతో చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
మోర్ల హనుమయ్య,
వరి రైతు, తాడిమెరక.

తా.క.: సంతకం పెట్టాక చేలోకి వెళ్ళి చూసి వచ్చాను. వేరు ఇంకా తెల్లగానే ఉంది గాని మొదలు మెత్తబడుతోంది. తమ జవాబు దాకా అది ఆగదు. రేపు తెల్లవారగానే నేను, వెంకటరత్నమ్మ, పక్క చేల వాళ్ళు కొడవళ్ళు పట్టుకుని కాలువలో దిగుతున్నాం. తమ రికార్డు ప్రకారం అది పచ్చని పైరు నరకడమే అవుతుంది. కేసు పెట్టించండి, మొదటి పేరు నాది రాయండి. ఆపడానికి ఎవరినైనా పంపేటట్లయితే ఈత వచ్చినవాళ్ళను పంపండి.